కోడీ నుంచి ఫోర్సైత్ దాకా: సింగిల్ షాట్ రైఫిళ్ల దారిలో

మోంటానా రాష్ట్రంలో ఫోర్సైత్ అనే చిన్న ఊరి బయట ఏటా జూన్ మూడో ఆదివారం, అంటే అక్కడి ఫాదర్స్ డే వారాంతంలో, మాథ్యూ క్విగ్లీ బఫెలో రైఫిల్ మ్యాచ్ జరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దపు రకం రైఫిళ్లు, ఎక్కువగా ఒకసారికి ఒకే తూటా పట్టే సింగిల్ షాట్లు, సీసపు గుండు, టెలిస్కోపు లేని సైట్లు. నేరుగా మ్యాచ్‌కి పోకుండా మంగళవారమే వయోమింగ్‌లోని కోడీలో మొదలుపెడితే ఈ రైఫిళ్లు ఎలా పుట్టాయో, ఇప్పుడు ఎలా తయారవుతున్నాయో, ఎలా పేలుస్తారో వరసగా చూడొచ్చు.

దారంతా మనసులో పెట్టుకోవాల్సింది ఒక్కటే, మసి. బ్లాక్ పౌడర్ అంటే 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే ఉండిపోతుంది. కొంత తెల్లటి పొగై బయటికి పోతుంది, మిగతాది రైఫిల్ గొట్టంలో పేరుకుంటుంది. ఈ రైఫిళ్ల తయారీ, వీటికి చేసే మార్పులు, వీటిని పేల్చేవాళ్ల పట్టింపులు, అన్నీ ఆ మసి చుట్టూ తిరిగేవే.

మంగళవారం: కోడీ

బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్‌లో అయిదు మ్యూజియాలున్నాయి. 2019లో కొత్తగా తీర్చిదిద్దిన ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియానికే కనీసం సగం రోజు కేటాయించాలి. బఫెలో బిల్ వాడిన .50-70 స్ప్రింగ్‌ఫీల్డ్ ఇక్కడే ఉంది (తూటా పేరులో మొదటి అంకె గుండు వెడల్పు అంగుళాల్లో, రెండోది మందు గ్రెయిన్లలో; గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము). కర్ర భాగం పోయి ఇనుమే మిగిలింది. ఎక్కువమంది దాని ముందు ఆగి ఫొటో తీసుకుని కదిలిపోతారు. సింగిల్ షాట్ అభిమానులు ఆగాల్సింది వించెస్టర్ 1885 ముందు.

ఈ రైఫిల్ రూపశిల్పి జాన్ బ్రౌనింగ్. 1879లో పేటెంట్ వచ్చింది, 1883లో వించెస్టర్ కంపెనీ హక్కులు కొనుక్కుంది, 1885 నుంచి 1920 దాకా సుమారు 1,40,000 తయారయ్యాయి. పక్కగోడలు ఎత్తుగా ఉంటే హై వాల్, బ్రీచ్ (గొట్టం వెనక కొస) దగ్గర కిందికి కోసి ఉంటే లో వాల్. పెద్ద తూటాలకు హై వాల్, చిన్నవాటికి లో వాల్. లీవరు కిందికి లాగితే ఉక్కు దిమ్మ నిలువు గాడిలో నేరుగా కిందికి జారుతుంది, సుత్తి కూడా దాంతోపాటే దిగుతుంది. ఖాళీ తూటా గొట్టం అరంగుళం వెనక్కి వస్తుంది. కొత్త తూటా వేసి లీవరు పైకి లాగితే దిమ్మ పైకొచ్చి వెనక గోడలా నిలబడుతుంది. పేలుడు ఒత్తిడంతా ఆ దిమ్మ మీదుగా ఫ్రేము మోస్తుంది. కదిలే భాగాలు తక్కువ, అందుకే మార్పులు చేసేవాళ్లకు ఇదంటే ప్రాణం.

మార్పులు చేయించుకోవడం ఇవాళ్టి అలవాటు కాదు. జర్మన్ వలసదారులు తెచ్చిన షూట్జెన్ పోటీల్లో 200 గజాల దూరాన్ని నిలబడే కొట్టాలి. దానికి బరువైన గొట్టం, భుజాన్ని కొక్కెంలా పట్టుకునే బట్ ప్లేటు, అరచేతి కింద ఆన్చే పామ్ రెస్టు, వేలు తాకితే చాలన్నట్టుండే సెట్ ట్రిగ్గర్ పుట్టాయి. గొట్టం మాత్రం హ్యారీ పోప్ (1861–1950) లాంటివాళ్ల దగ్గర వేయించుకునేవారు. పోప్ గొట్టంలో గుండును తిప్పే ఎనిమిది గాళ్లు, వాటికి ఎడమ మెలిక, ఆ మెలిక ముందుకు పోయేకొద్దీ బిగుసుకునే తీరు ఉంటాయి. గుండును మూతి వైపు నుంచే, ఫాల్స్ మజిల్ అనే తొడుగు ద్వారా లోపలికి తోసేవారు. మందు నింపిన తూటా గొట్టం వెనక నుంచి పెట్టేవారు. అలా చేస్తే గుండు దిగేటప్పుడే ముందు పేలుడు తాలూకు మసిని వెనక్కి తుడిచేస్తుంది, గుండు అడుగు అంచు చెదరదు. గురి పెరగడానికి కారణం ఆ రెండే.

ఇప్పుడు పాత హై వాల్ కొని మార్పించుకోవాలనుకునేవారికి కొన్ని మాటలు. చెక్కుచెదరని అసలు రైఫిల్‌ని ఎవరూ ముట్టుకోవద్దు. గొట్టం మారిస్తే దాని విలువ పోవడమే కాదు, ఒక సాక్ష్యం కూడా పోతుంది. 1930ల నుంచి 50ల దాకా చాలా హై వాల్‌లను చిన్న జంతువుల వేటకని .22 హార్నెట్, .219 జిప్పర్ వంటి తూటాలకు మార్చేశారు. అలా ఇప్పటికే మారినవి, లేదా .22 శిక్షణ రైఫిళ్లుగా తయారైన విండర్ మస్కెట్ల ఫ్రేములు ఎంచుకోవాలి. కొనేముందు కోడీలోని రికార్డుల విభాగానికి సీరియల్ నంబరు పంపితే ఫ్యాక్టరీ నుంచి ఏ తూటాకి, ఏ గొట్టంతో, ఏ తేదీన బయటికొచ్చిందో లెటర్ ఇస్తారు. సింగిల్ షాట్‌కి 1 నుంచి 1,09,999 దాకా రికార్డులున్నాయి.

గన్‌స్మిత్ బల్ల మీద తరచూ పొరపాటు జరిగేది మూడు చోట్ల. మొదటిది ఫైరింగ్ పిన్, అంటే సుత్తి దెబ్బకు తూటాను పేల్చే సూది. పాత దిమ్మలో పిన్ను రంధ్రం పెద్దది, దాంతో ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల) రేకు ఆ రంధ్రంలోకి పొడుచుకొచ్చి దిమ్మ కిందికి దిగనివ్వదు, ఒక్కోసారి చిల్లు పడి వేడి వాయువు ముఖం వైపు వస్తుంది. దిమ్మ ముఖానికి బుష్ (రంధ్రాన్ని చిన్నది చేసే తొడుగు) వేసి పిన్ను మొనను 0.075–0.080 అంగుళానికి తగ్గించాలి. రెండోది స్ప్రింగ్. పాతవాటిలో బద్దలాంటి మెయిన్ స్ప్రింగ్ గొట్టం అడుగునే బిగించి ఉంటుంది. కొత్త గొట్టానికి ఆ గాడి కోయడం మరిచిపోతే సుత్తికి బలమే ఉండదు. మూడోది ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటా గొట్టాన్ని బయటికి లాగే భాగం) గాడి. గొట్టం పూర్తిగా బిగిసే కోణం గుర్తు పెట్టుకున్నాకే దాన్ని కోయాలి. స్టీవెన్స్ రైఫిళ్ల వైపు వెళ్లేవాళ్లు 44 మోడల్‌కీ, 1903లో వచ్చిన 44½ మోడల్‌కీ తేడా తెలుసుకోవాలి. మొదటిది తక్కువ ఒత్తిడి తూటాలకే, రెండోది గట్టిది.

బుధవారం: బిగ్ టింబర్

కోడీ నుంచి ఉత్తరానికి రెండున్నర గంటల ప్రయాణం. ఎల్లోస్టోన్ నది ఒడ్డున, క్రేజీ పర్వతాల నీడన బిగ్ టింబర్. ఇంత చిన్న ఊళ్లో షార్ప్స్ రైఫిళ్లు చేసే సంస్థలు రెండున్నాయి, షైలో, సి. షార్ప్స్. క్రిస్టియన్ షార్ప్స్ పేటెంట్ 1848 నాటిది, అసలు కంపెనీ 1881లో మూతపడింది. షైలో న్యూయార్క్ రాష్ట్రంలో 1976లో మొదలై 1983లో ఇక్కడికి వచ్చింది. 1990లో వచ్చిన ఒక సినిమాలో హీరో చేతిలో ఉన్న .45-110 షార్ప్స్ ఇక్కడిదే. ఫోర్సైత్ మ్యాచ్ పేరు ఆ పాత్రదే.

ముందుగా ఫోన్ చేసి వెళ్లాలి, శని ఆదివారాలు లెక్కలోకి రావు. ఫ్రేము భాగాలను 8620 ఉక్కుతో, మైనపు నమూనా కరిగించి పోసే పద్ధతిలో తయారు చేస్తారు. మన పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతి కూడా అదే. తర్వాత ప్రతి ముక్కకూ చేతి ఆకురాయి పని ఉంటుంది. కర్రకీ ఉక్కుకీ మధ్య సందు కనబడకూడదు. అందం కోసం మాత్రమే కాదు. సందుంటే ప్రతి దెబ్బకీ ఫ్రేము కర్రను కొంచెం కొంచెం వెనక్కి నెడుతుంది, ఏడాది తిరిగేసరికి ట్యాంగ్ (కర్ర మీదుగా వెనక్కి సాగే ఫ్రేము తోక) వెనక కర్ర చీలుతుంది. పాత రైఫిల్ కొనేటప్పుడు మొదట చూడాల్సిన చోటు అదే.

ఆర్డరిచ్చాక నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కాబట్టి కాగితం మీద రాసేముందు బాగా ఆలోచించుకోవాలి. కొత్తవారికి .45-70 చాలు. దాని తూటా గొట్టాలు ఎక్కడైనా దొరుకుతాయి, మందు తక్కువ పడుతుంది, భుజం రోజంతా ఓర్చుకుంటుంది. .45-110 పేరు విని మోజుపడి తెప్పించుకున్నవాళ్లు మధ్యాహ్నానికల్లా ట్రిగ్గర్ నొక్కకముందే ఉలిక్కిపడటం మొదలుపెడతారు. గొట్టం 30 అంగుళాలు, మెలిక 18 అంగుళాలకు ఒక చుట్టు. ఇంకో సంగతి, ఎన్‌ఆర్‌ఏ (అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్) సిల్హౌట్ పోటీలకు కూడా వెళ్లే ఆలోచన ఉంటే రైఫిల్ బరువు 12 పౌండ్ల 2 ఔన్సులు దాటకూడదు. ఆ పోటీల్లో ఉక్కు కోళ్లు 200 మీటర్లలో, పందులు 300లో, టర్కీలు 385లో, పొట్టేళ్లు 500లో ఉంటాయి. బరువైన గొట్టం ముచ్చటపడి వేయించుకుంటే ఆ తలుపు మూసుకుపోతుంది.

సైట్ల మీద డబ్బు మిగుల్చుకోవద్దు. వెనక ట్యాంగ్ మీద నిలబడే, సన్నని కొలత గీతలతో ఎత్తు మార్చే వెర్నియర్ సైట్, ముందు నీటిబుడగ ఉన్న గ్లోబ్ సైట్ (గుండ్రటి తొడుగులో ఉండే గురి గుర్తు) ఉండాలి. రెండింటి మధ్య దూరం 34 అంగుళాలుంటే వెర్నియర్ మీద అంగుళంలో వందో వంతు కదిపితే ఒక మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా వస్తుంది, అంటే 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం. 100 గజాల గుర్తు నుంచి 800 గజాలకు వెళ్లాలంటే .45-70లో అంగుళానికి పైగానే ఎత్తాలి. అందుకే పొట్టి నిలువు పట్టీ కొంటే మధ్యలోనే అయిపోతుంది. నీటిబుడగ ఎందుకంటే, అంత ఎత్తిన సైట్‌తో రైఫిల్ ఇసుమంత పక్కకి వాలినా గుండు అడుగుల లెక్కన పక్కకి పోతుంది. 1874లో న్యూయార్క్ దగ్గరి క్రీడ్‌మూర్‌లో ఐరిష్ జట్టు మీద అమెరికన్లు 934–931 తేడాతో గెలిచింది ఇలాంటి సైట్లతోనే, 800, 900, 1000 గజాల దూరాల్లో.

గురువారం: లిటిల్ బిగ్‌హార్న్ మీదుగా

బిల్లింగ్స్ దాటాక గంట దూరంలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమి. 1876 జూన్ 25, 26 తేదీల్లో ఇక్కడ లకోటా, షయెన్, అరపహో యోధులు అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని ఓడించారు. సైనికుల చేతిలో ఉన్నవి 1873 స్ప్రింగ్‌ఫీల్డ్ సింగిల్ షాట్ కార్బైన్లు. తూటాలో 55 గ్రెయిన్ల మందు, 405 గ్రెయిన్ల గుండు. తూటా గొట్టాలు ఇత్తడివి కాదు, మెత్తటి రాగివి. వేడెక్కి మసి పట్టిన గొట్టంలో రాగి ఉబ్బి అతుక్కుంటే కత్తితో పెకలించాల్సి వచ్చేది. ఓటమికి ఇదే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. 1983లో గడ్డి తగలబడి నేల బయటపడ్డాక జరిగిన తవ్వకాల్లో కత్తి గీతలున్న తూటా గొట్టాలు కొద్దిగానే దొరికాయి. ఓటమి సంగతి ఎలా ఉన్నా, ఈ క్రీడలో ఇత్తడి తూటా గొట్టం, శుభ్రమైన చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) ఎందుకంత ముఖ్యమో ఇక్కడ అర్థమవుతుంది. సమాధిరాళ్ల మధ్య దారి తప్ప పక్కన నడవకూడదు. పాములూ ఉంటాయి.

అక్కడి నుంచి ఫోర్సైత్. ఊళ్లో గదులు నెలల ముందే అయిపోతాయి, చాలామంది మ్యాచ్ జరిగే మైదానంలోనే డేరాలూ ఆర్వీలూ వేసుకుంటారు. నీళ్లు, నీడ మీరే తెచ్చుకోవాలి. శాకాహారులు బిల్లింగ్స్‌లోనే సరుకులు కొనుక్కుంటే మంచిది.

శుక్రవారం: తూటా, ఊపిరి, గుడ్డ పీలిక

సాధన రోజు. తూటాలు ఇంటి దగ్గర చేసుకొచ్చినవే. కానీ అవి ఎలా చేశారో ఇక్కడ బయటపడుతుంది. గుండుకు సీసం 20 పాళ్లు, తగరం 1 పాలు. బరువు 500–540 గ్రెయిన్లు. కరిగిన లోహం 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. గుండు మీద ముడతలుంటే అచ్చు చల్లగా ఉన్నట్టు, మంచు పట్టినట్టు తెల్లగా ఉంటే అచ్చు మరీ వేడెక్కినట్టు. అడుగు అంచు పదునుగా లేని గుండును మళ్లీ కుండలో వేసేయాలి. మొన మీద గీత పడినా పర్వాలేదు, అడుగు అంచు మీద పడితే అది వంకరగానే ఎగురుతుంది. తూకంలో అర గ్రెయిన్ కంటే ఎక్కువ తేడా ఉన్నవాటిని విడిగా పెట్టి సాధనకు వాడతారు.

తూటా గొట్టంలో మందును రెండడుగుల పొడవైన సన్నటి రాగి లేదా ఇత్తడి పైపు గుండా మెల్లగా పోస్తారు. అలా పడ్డ గింజలు దగ్గరగా సర్దుకుంటాయి. .45-70లో 65–70 గ్రెయిన్లు, పైన 0.060 అంగుళం అట్ట బిళ్ల, దాని మీద కొద్దిగా నొక్కాలి. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ అస్సలు ఉండకూడదు. ఖాళీ ఉంటే ఒత్తిడి ఒకచోట దెబ్బలా తగిలి రైఫిల్ గొట్టం లోపల ఉంగరంలా ఉబ్బుతుంది. అలా ఉబ్బిన గొట్టం ఇంక పనికిరాదు. గుండు గాళ్లలో తేనెమైనం కలిసిన మెత్తటి కొవ్వు నింపుతారు. పెట్రోలియం నూనెలు, గ్రీజు వాడితే మసి తారులా గట్టిపడుతుంది.

అసలు పని మొదటి పేలుడు తర్వాత మొదలవుతుంది. జూన్ ఎండకి మోంటానా గాలి పొడిగా ఉంటుంది. అయిదారు తూటాలకే మసి గట్టిపడి కొత్త తూటా చాంబర్‌లోకి సాఫీగా దిగదు, గుళ్లు చెల్లాచెదురవుతాయి. దీనికి ఊపిరి గొట్టం వాడతారు. ఖాళీ తూటా గొట్టం అడుగు తొలిచి దానికి అడుగు పొడవు ప్లాస్టిక్ ట్యూబు బిగిస్తే చాలు. దిమ్మ దించి, గొట్టం ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వెనక నుంచి చాంబర్‌లో పెట్టి మెల్లగా ఊదాలి. తేమ ఉన్న చోట మూడు నిదానమైన ఊపిర్లు చాలు. ఇక్కడ అయిదు నుంచి ఎనిమిది పడతాయి. ఆవిరి మసిని మెత్తగా ఉంచుతుంది. మూతి చుట్టూ జిడ్డు నక్షత్రంలా మెరుస్తుంటే కొవ్వు చివరిదాకా అందుతోందని అర్థం. నక్షత్రం కనబడకపోతే చివరి అంగుళాల్లో సీసం పట్టుకుంటుంది.

తుడిచే పద్ధతి వేరు. నీటిలో కలిసే నూనె ఒక వంతు, నీళ్లు ఏడు నుంచి పది వంతులు. ఆ నీటితో తడిపి పిండిన గుడ్డ పీలిక ఒకటి, తర్వాత పొడి పీలిక ఒకటి. చాంబర్‌ని విడిగా ఆరబెట్టాలి. అక్కడ తడి మిగిలితే ఇత్తడి గోడను పట్టుకోలేక దెబ్బంతా వెనక దిమ్మ మీద పడుతుంది, ఆ గుండు గురి తప్పుతుంది. ఊదినా, తుడిచినా ఒకే పద్ధతి పట్టుకోవాలి. ఒకసారి అదీ ఒకసారి ఇదీ చేసేవాళ్ల గుళ్లు ఎప్పుడూ ఒకచోట పడవు.

సముద్రమట్టంలో రాసుకున్న సైట్ అంకెలు ఇక్కడ పనిచేయవు. ఫోర్సైత్ సుమారు 2,500 అడుగుల ఎత్తు. గాలి పలచన కాబట్టి ఇంటి దగ్గర అంకెతో కొడితే గుండు పైగా పోతుంది. ప్రతి దూరానికీ కొత్త అంకె పుస్తకంలో రాసుకోవడానికే ఈ శుక్రవారం.

శని, ఆదివారాలు: మ్యాచ్

ఆరు ఉక్కు గుర్తులు, ఒక్కోదానికి ఎనిమిది తూటాలు, మొత్తం 48. దూరాలు 350 గజాల నుంచి 805 గజాల దాకా. 350 గజాల దగ్గర బకెట్ ఆకారాన్ని ఏ ఆసరా లేకుండా నిలబడి కొట్టాలి. చాలామంది స్కోర్లు కూలేది అక్కడే. మిగతావాటికి నేల మీద కూర్చుని, అడ్డంగా కట్టిన రెండు కర్రల మీద గొట్టం ఆన్చి కొడతారు. గొట్టం ప్రతిసారీ ఒకే చోట ఆనాలి, అందుకని దాని మీద చిన్న గుర్తు పెట్టుకుంటారు. రెండంగుళాలు ముందుకో వెనక్కో ఆన్చితే గుండు ఎత్తు మారిపోతుంది.

వందలాది మంది ఒకే గీత మీద కూర్చుంటారు, పేలుడు ఆగదు. చెవులకు రెండు రకాల రక్షణ పెట్టుకోవడం మేలు, లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు. పక్కన స్పాటర్ టెలిస్కోపులో చూస్తాడు. మసక తరంగాల్లా కదిలే ఎండమావి గాలి ఎటు వీస్తోందో చెబుతుంది. నిజానికి పోటీ గెలిపించేది స్పాటరే. 805 గజాల బైసన్ (అమెరికా అడవిదున్న) ఆకారం దాకా గుండు చేరడానికి సుమారు రెండున్నర సెకన్లు, ఉక్కు మోగిన శబ్దం వెనక్కి రావడానికి ఇంకో రెండు సెకన్లు. ట్రిగ్గర్ నొక్కాక పొగ తేలిపోయి, రైఫిల్ దించి, ఊపిరి వదిలాక అప్పుడు టంగుమంటుంది. గంటకు 10 మైళ్ల పక్కగాలి వీస్తే అంత దూరంలో గుండు ఆరేడు అడుగులు తప్పుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు గాలి మారినప్పుడల్లా సైట్ తిప్పరు. ఎక్కువసేపు నిలిచే గాలిని ఎంచుకుని, అది మళ్లీ వచ్చేదాకా తూటా చేతిలో పట్టుకుని కూర్చుంటారు. కానీ మరీ ఎక్కువసేపు కూర్చుంటే గొట్టంలో మసి ఆరిపోతుంది. గాలి కోసం ఆగడమా, మసి ఆరకముందే కొట్టడమా అన్న తూకమే ఈ ఆటలో కష్టమైన భాగం. ఆగాల్సి వస్తే మళ్లీ రెండు ఊపిర్లు ఊది కొట్టాలి.

చూడటానికి వెళ్లే తెలుగువాళ్లకు ఒక చట్టం సంగతి. హెచ్1బీ, విద్యార్థి, సందర్శక వీసాల మీద ఉన్నవారు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. గీత మీద వాళ్లు మంచి మనుషులు, ఒక తూటా కొట్టి చూడమని చేతికిస్తారు. మీ హోదా సరిచూసుకున్నాకే పట్టుకోండి. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన అసలు రైఫిళ్లను ఫెడరల్ చట్టం పురాతన వస్తువులుగా చూస్తుంది. బిగ్ టింబర్‌లో కొత్తగా చేసిన రైఫిల్‌కి ఆ వెసులుబాటు లేదు.

సోమవారం: కడిగి, సర్ది, తిరుగు ప్రయాణం

రైఫిల్‌ని ఆదివారం రాత్రే కడగాలి. సోమవారం దాకా ఆగితే మసి తేమను పీల్చుకుని ఉక్కును తినడం మొదలుపెడుతుంది. వేడినీళ్లతో తడిపిన పీలికలు తెల్లగా బయటికొచ్చేదాకా, తర్వాత పొడివి, చివర పలచని నూనె. దిమ్మను కూడా బయటికి తీసి కడగాలి, ఫైరింగ్ పిన్ను చుట్టూ చేరిన మసి కంటికి కనబడదు. ఖాళీ తూటా గొట్టాలు మైదానంలోనే సబ్బునీళ్ల డబ్బాలో పడేస్తే దారి పొడుగునా అవే నానతాయి.

బిల్లింగ్స్‌కి వెళ్లే దారిలో పాంపీస్ పిల్లర్ అనే రాతిగుట్ట ఉంది. అన్వేషకుడు విలియం క్లార్క్ 1806 జూలై 25న చెక్కిన సంతకం రాతి మీద ఇప్పటికీ ఉంది, అరగంట చాలు.

విమానంలో బ్లాక్ పౌడర్ ఏ రూపంలోనూ తీసుకెళ్లకూడదు, చెక్-ఇన్ సామానులో కూడా. రైఫిల్‌ని ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్ దగ్గర చెప్పాలి. మందు పోసిన డబ్బా పెట్టుకున్న సంచి ఖాళీ చేసినా అందులోకి వేరే సామాను సర్దవద్దు, తనిఖీ యంత్రాలు మిగిలిన గింజలనూ పట్టుకుంటాయి. ఇండియా వెళ్లే బంధువుల పెట్టెలో జ్ఞాపకంగా ఖాళీ తూటా గొట్టం వేసే పని అసలే వద్దు. 1959 ఆయుధాల చట్టం తూటా భాగాలను కూడా తూటాగానే లెక్కిస్తుంది, శంషాబాద్‌లో దిగాక అది ఉత్త ఇత్తడి అని చెప్పుకోవడం కష్టం.